తల్లుల మాటను రుజువుగా నిలబెట్టిన పత్రం

1941లో సిడ్నీలో కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ దగ్గరికి పుట్టుకతోనే శుక్లాలున్న పసికందులు ఒకరి వెంట ఒకరు రావడం మొదలైంది. ఆ ఏడాది అక్టోబరు 15న మెల్‌బోర్న్‌లో తోటి కంటి డాక్టర్ల ముందు ఆయన ఒక పత్రం చదివారు. గర్భిణికి సోకిన రూబెల్లా అనే దద్దుర్ల జబ్బు కడుపులోని బిడ్డను దెబ్బతీస్తుందని వైద్యలోకం ముందు తొలిసారి గట్టిగా వాదించిన పత్రం అది. అప్పటికి రూబెల్లా వైరస్‌ను ఎవరూ వేరుచేయలేదు, అది 1962 నాటి మాట. జబ్బును తేల్చే రక్తపరీక్షా లేదు. ఆయన చేతిలో ఉన్నవల్లా పిల్లల కళ్లూ, తల్లుల జ్ఞాపకాలూ.

ముందు ఆయన చూపు ఎంత నిశితమో చూడండి. శుక్లం ఉందని రాసి ఊరుకోలేదు. కటకం నడిమధ్య ముత్యపు తెలుపులో దట్టంగా ఉందనీ, చుట్టూ ఆ తెలుపు పలచబడిందనీ నమోదు చేశారు. అట్రోపిన్ చుక్కలు మళ్లీ మళ్లీ వేసినా కంటిపాప సరిగా విప్పారడం లేదని గమనించారు. కటకం లోపలి నుంచి బయటికి పొరలు పొరలుగా పెరుగుతుంది. నడిమి భాగమే అన్నిటికన్నా ముందు ఏర్పడుతుంది. అంటే దెబ్బ తగిలింది గర్భం తొలి రోజుల్లోనే. పిల్లల పుట్టిన తేదీల నుంచి వెనక్కి లెక్కగడితే, తల్లులు నెల తప్పిన రోజులూ 1940లో ఆస్ట్రేలియాలో రూబెల్లా విజృంభించిన రోజులూ సరిగ్గా కలిశాయి.

ఆ అనుమానానికి బీజం ఆయన వెయిటింగ్ రూములోనే పడిందంటారు. కడుపుతో ఉన్నప్పుడు ఒంటినిండా దద్దుర్లు లేచాయని తల్లులు ఒకరితో ఒకరు చెప్పుకుంటుంటే ఆయన చెవిన పడిందట. మూడు రోజుల్లో తగ్గిపోయే ఆ దద్దుర్లను ఏ డాక్టరు పట్టించుకుంటాడు? తల్లులు మాత్రం గుర్తుపెట్టుకున్నారు. ఆ మాటల్ని ఆయన కొట్టిపారేయలేదు. జబ్బు వచ్చిందా, వస్తే ఏ నెలలో వచ్చిందని ఆరా తీశారు. తోటి డాక్టర్లు చూసిన పిల్లల్నీ కలుపుకుంటే 78 మంది తేలారు. వారిలో 68 మంది తల్లులకు గర్భం తొలినాళ్లలో రూబెల్లా వచ్చిన దాఖలా దొరికింది. మిగతా పదిమందినీ లెక్కలోంచి తీసేయకుండా అలాగే ఉంచారు. ఈ నిజాయితీయే ఆ పత్రానికి వెన్నెముక.

ఆ పత్రంలో నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది ఒక హెచ్చరిక. ఇప్పుడు కనబడని లోపాలు పిల్లలు ఎదిగేకొద్దీ బయటపడవచ్చని అందులో రాశారు. అలాగే జరిగింది. కడుపులో ఉండగా రూబెల్లా తాకిన పిల్లల్లో కొందరికి చెవుడు ఉందని 1943లో ఆస్ట్రేలియాలోనే చార్లెస్ స్వాన్ బృందం చెప్పింది. అయినా గ్రెగ్ వాదన రుజువు కాలేదని 1944లో లాన్సెట్ పత్రిక పెదవి విరిచింది. 1951లో ఆలివర్ లాంకాస్టర్ అనే గణాంక నిపుణుడు ఆస్ట్రేలియా బధిరుల పాత జనాభా లెక్కలు తిరగేసి, రూబెల్లా చెలరేగిన కాలాలతో వాటిని పోల్చి చూపాక ఆ సందేహానికి బలం పోయింది.

రూబెల్లా టీకా 1969లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్లలోపు పిల్లలకు బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ తట్టు, రూబెల్లా రెండింటికీ కలిపి ఇచ్చే ఎంఆర్ టీకా వేశారు. అప్పటికే ఆ వయసు దాటిపోయిన అమ్మాయిలెందరో ఇప్పుడు తల్లులవుతున్నారు. చాలామందికి చిన్నప్పుడే జబ్బు వచ్చిపోయి రక్షణ ఏర్పడి ఉండవచ్చు. ఎవరికి లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది. లేనివాళ్లు గర్భం రాకముందే టీకా వేయించుకుని, ఆ తర్వాత కనీసం నెల రోజులు ఆగాలి. కడుపుతో ఉండగా ఈ టీకా వేయరు. అప్పటికే నెల తప్పి ఉంటే కాన్పు అయ్యాక వేయించుకోవచ్చు. బిడ్డకు పాలిస్తున్నా ఇబ్బంది లేదు.