రోజూ తినేవాళ్ళ వెనకాల

హైదరాబాదుతో పని పడని ఇల్లు మా పోలవరంలో అరుదు. నిమ్స్‌లో పెద్దాళ్ళకి చూపించాలనో, అమీర్‌పేటలో కోచింగుకి పిల్లాణ్ణి దింపాలనో వెళ్తూనే ఉంటారు. బయల్దేరే ముందు ఖర్చులు రాసుకుంటే చార్జీలు, గది అద్దె, డాక్టరు ఫీజు, పరీక్షలు అన్నీ కాగితం మీదికి వస్తాయి. తిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఆ, ఏదో ఒకటి తినేద్దాం లెండి" అంటారు. ఆ ఏదో ఒకటే చివరికి జేబుకి చిల్లు పెడుతుంది. కడుపు పాడయితే మందుల ఖర్చు వేరే.

ఇలా ఎందుకవుతుందో నాకొక లెక్క ఉంది. స్టేషను ఎదురుగానో, బస్టాండు పక్కనో ఉన్న హోటలుకి మీరు మళ్ళీ వస్తారన్న ఆశ లేదు. మీరు రాకపోతే ఇంకో రైలు దిగినవాళ్ళు వస్తారు. సాంబారు నీళ్ళయినా, నిన్నటి కూరకి మళ్ళీ పోపు పెట్టినా వాడికి పోయేదేం లేదు. అదే గల్లీలో నెలవారీ టిక్కెట్లు అమ్మే మెస్సు చూడండి. అక్కడ రోజూ అవే మొహాలు. చారు రెండ్రోజులు చప్పగా ఉంటే మూడో రోజు పక్క మెస్సుకి పోతారు. కాబట్టి కొత్త ఊళ్ళో చౌకగా, శుభ్రంగా తినాలంటే, బయట తినక తప్పని ఆ ఊరివాళ్ళు ఎటు పోతున్నారో చూసి వాళ్ళ వెనకాల పోవడమే దారి. "ఇక్కడ మంచి హోటలెక్కడండీ?" అనడిగితే బోర్డు మెరిసేదేదో చూపిస్తారు. నేను లాడ్జి వాచ్‌మన్ని "బాబూ, నువ్వెక్కడ తింటావ్?" అనడుగుతాను. "గా గల్లీల మెస్సున్నది సార్, మేమందరం ఆడనే తింటం" అంటాడు. ఇంకేం కావాలి?

ఇది మనకి కొత్త విద్యేం కాదు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అందులో ఓ పూటకూటింటి భోజనం పద్యం ఉంది. కప్పురభోగి బియ్యపన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. అంతా కలిపి ఒక్క రూక! పెసరపప్పుకి, ఆవునెయ్యికి నోరూరుతుంది గానీ, నేను మెచ్చుకునేది వేరే. కవి ఆ ఇల్లెవరిదో కూడా చెప్పాడు, లక్ష్మణవజ్ఝలదని. ఎవరింట్లో, ఎంతకి అన్న రెండూ తెలిస్తేనే పరాయి ఊళ్ళో భోజనం కుదిరినట్టు.

పూటకూళ్ళ ఇల్లంటే కన్యాశుల్కం పుణ్యమా అని మనకి పూటకూళ్ళమ్మ చీపురే గుర్తొస్తుంది. కానీ టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ ప్రకాశమే తర్వాత రాజమండ్రి వచ్చి చదువుకుని, ఆ ఊరికే మునిసిపల్ చైర్మనయ్యాడు. ఇవాళ అమీర్‌పేట మెస్సులు నడిపే ఆడవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తారు.

ఇక పద్ధతులు. మొదటి పూట ఇంటినుంచే వెళ్ళాలి. రాజమండ్రిలో రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. 1974 నుంచీ నడుస్తున్న ఆ రైల్లో మా వైపువాళ్ళు విప్పిన పులిహోర పొట్లాలకి లెక్కలేదు. పులిహోరలో చింతపండు, నూనె దండిగా పడితే మర్నాటి పొద్దుటిదాకా పాడవదు, ఉల్లిపాయ మాత్రం తగలకూడదు. పెరుగన్నానికి మా ఆవిడ పద్ధతి వేరు. గోరువెచ్చని పాలతో అన్నం కలిపి, చెంచాడు పెరుగు తోడేస్తుంది. రైలెక్కి డబ్బా విప్పేసరికి పులుపు లేకుండా కమ్మగా తోడుకుని ఉంటుంది. కందిపొడి, ఆవకాయ సీసాలు సంచిలో ఎలాగూ ఉంటాయి. డబ్బా తేలేనివాళ్ళకి పెద్ద స్టేషన్ల ప్లాట్‌ఫారం మీద, జనరల్ బోగీలు ఆగే చోట, రైల్వేవాళ్ళు పెట్టిన ఇరవై రూపాయల పొట్లం దొరుకుతుంది. ఏడు పూరీలు, బంగాళాదుంప కూర. ఆ పూటకి ఆకలి ఆగుతుంది.

ఊళ్ళో దిగాక పొద్దున్న ఇడ్లీ బండి చాలు. మధ్యాహ్నం మాత్రం కడుపునిండా తినాలి, అదీ పన్నెండున్నరకల్లా. రెండు దాటితే ఏ మెస్సులోనైనా కూరలు అడుగంటి, సాంబారు పల్చబడుతుంది. ఇద్దరుంటే ఒక పార్సిల్ భోజనం తీసుకుంటే సరిపోతుంది, పొట్లంలో అన్నం అంత పెడతారు. ఆసుపత్రి పని మీద వారం ఉండాల్సొస్తే కర్రీపాయింటే దిక్కు. గదిలో కుక్కరు పెట్టుకుని, పప్పు, వేపుడు, చారు పొట్లాలు కొనుక్కుంటే ఇంట్లో తిన్నట్టే ఉంటుంది. పొట్లం చేతికి వేడిగా తగిలితేనే కొనండి, సాయంత్రం ఏడింటికి కొన్నది రాత్రి పదింటికి తినకండి.

సర్కారువారి అయిదు రూపాయల భోజనం సంగతి చెప్పడానికి కొందరు మొహమాటపడతారు. నాకా మొహమాటం లేదు. హైదరాబాదులో 2014లో మొదలైనప్పుడు పళ్ళేనికి 400 గ్రాముల అన్నం, 120 గ్రాముల సాంబారు, 100 గ్రాముల కూర, కాస్త పచ్చడి. 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మారి, టిఫిను కూడా అయిదుకే ఇస్తున్నారు. మన వైపు అన్న క్యాంటీన్లు 2018లో విజయవాడలో మొదలై, మరుసటేడు మూతబడి, 2024 ఆగస్టు 15న మళ్ళీ తెరుచుకున్నాయి. వీటన్నిటికీ ముందే, 2013లో, చెన్నైలో అమ్మ ఉణవగం రూపాయికి ఇడ్లీ పెట్టింది. ఈ క్యాంటీన్ల దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళలో చొక్కా ఇస్త్రీ చేసుకున్నవాళ్ళు బోలెడుమంది. కాకపోతే మూడు పూటలా అదే తింటే పెరుగు ముద్ద లేక గోదావరి ప్రాణం గిలగిల్లాడుతుంది. ప్యాకెట్ పెరుగు కొనుక్కెళ్ళండి, ఎవరూ కాదనరు.

రాత్రికి నా ఓటు జొన్నరొట్టెకి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి హైదరాబాదు పేవ్‌మెంట్ల మీద ఆడవాళ్ళు పొయ్యిలు పెట్టుకుని కూచుంటారు. వేడినీళ్ళతో కలిపిన జొన్నపిండి ముద్దని అరిచేతుల్తో తట్టి తట్టి, పెనం మీదేసి, తడిగుడ్డతో పైన తుడిచి, తిరగేస్తే బూరెలా పొంగుతుంది. మా వరి దేశంలో ఈ చేతివాటం కనపడదు, నేను రొట్టె తినడంకన్నా ఆ తట్టడం చూడ్డానికే ఎక్కువసేపు నిలబడతాను. చుట్టూ ఉన్నవాళ్ళు రోజూ వచ్చేవాళ్ళే: షుగరు మనుషులు, రాత్రి డ్యూటీ సెక్యూరిటీ గార్డులు, ఆటోవాళ్ళు. రెండు రొట్టెలు, ఇంత పచ్చడి, రాత్రి నిద్రకి ఢోకా లేదు. బిర్యానీ మాట మరిచిపోలేదులెండి. అది మధ్యాహ్నం, దమ్ము విప్పిన వేళకి, ఒక సింగిల్ ఇద్దరు పంచుకుని తినాలి. రాత్రి పదకొండుకి తినే బిర్యానీ మధ్యాహ్నపుదే.

రోజూ తినేవాళ్ళ వెనకాల పోవాలన్న లెక్క తిప్పి చూస్తే మా ఊరికీ వర్తిస్తుంది. శివరాత్రికి పట్టిసీమ వచ్చినవాళ్ళు, పాపికొండలు చూసొచ్చినవాళ్ళు రేవుగట్టున నన్ను ఆపి "భోజనం ఎక్కడ బావుంటుందండీ?" అనడుగుతారు. రేవు పక్కన బల్లలూ కుర్చీలూ వేసిన చోటు ఎదురుగానే కనిపిస్తుంటుంది. నేను మాత్రం లోపలికి, ప్రాజెక్టు లారీ డ్రైవర్లు తినే రేకుల షెడ్డు వైపు చూపిస్తాను. కూర్చోడానికి కాసేపు నిలబడాలి, ఆయ్. చేపల పులుసు కావాలంటే ఒంటిగంట లోపే వెళ్ళండి.