దిగడమూ తొక్కడమే

పోయిన ఆదివారం మా సైకిల్ క్లబ్బు సైక్లోక్రాస్ చాంపియన్‌షిప్ జరిగింది. మేముండేది ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని లీడ్స్ దగ్గర. వారం రోజులుగా ఒకటే వాన. డిసెంబరులో ఇక్కడ ఎనిమిది దాటితేగానీ తెల్లవారదు. ఏడున్నరకి తలకి లైటు కట్టుకుని, రాత్రి గాలికి పడిపోయిన పోటీ దారి హద్దు గుంజల్ని మళ్ళీ పాతుతూ నేనూ ఇంకో నలుగురూ మైదానమంతా తిరిగాం. గుంజలకి కట్టిన టేపు తెగి చెట్టుకొమ్మలకి చుట్టుకుపోయింది. అడుగు వేసిన చోటల్లా నీళ్ళు ఊరుతున్నాయి. మాలో పెద్దాయన ఆ నేలను కాలితో రెండుసార్లు తొక్కి చూసి, "ఇవాళ బాగుంటుంది" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. బురద లేని రోజు ఈ ఆటకి సగం రోజే.

సైక్లోక్రాస్ గురించి మన పత్రికల్లో అరుదుగా వస్తుంది కాబట్టి ముందు ఆట సంగతి చెప్పుకుందాం. రెండున్నర, మూడు కిలోమీటర్ల చుట్టు. గడ్డి, బురద, ఇసుక, చెట్ల వేళ్ళు, పక్కకి వాలిన గట్లు. ఒకచోట రెండు చెక్క పలకలు అడ్డంగా నిలబెడతారు. ఎత్తు 40 సెంటీమీటర్లు మించదు, రెండింటి మధ్య ఎడం నాలుగు మీటర్లు. ఇంకోచోట మెట్లుంటాయి, లేదంటే తొక్కి ఎక్కలేనంత నిటారు గట్టు. సైకిలు రోడ్డు రేసు సైకిలులాగే కనిపిస్తుంది, వంపు తిరిగిన హ్యాండిలుతో. టైర్లకి మాత్రం పళ్ళుంటాయి, అంతర్జాతీయ పోటీల్లో వాటి వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇన్ని కిలోమీటర్లని లెక్క ఉండదు, ఇన్ని నిమిషాలనే ఉంటుంది. పెద్ద పోటీల్లో మగవాళ్ళు గంటసేపు, నలభై దాటిన మాలాంటివాళ్ళు నలభై నిమిషాలు. పలక వచ్చినప్పుడు దిగాలి, సైకిలెత్తి దాటాలి, ఎక్కాలి. మెట్లు వస్తే భుజానేసుకుని పరుగెత్తాలి. అలా చుట్టు చుట్టుకీ.

నా మనసు పట్టేసింది ఆ దిగడమే.

నేను సైకిలు నేర్చుకున్నది వరంగల్ పక్కన పల్లెలో. గంటకింతని అద్దెకి తెచ్చిన పెద్ద సైకిలు. సీటు అందదు కాబట్టి బారు కింద నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవాళ్ళం. వానాకాలం వచ్చిందంటే నల్లరేగడి బాటలో నాలుగు బారలు పోయేసరికి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య మట్టి కూరుకుని చక్రం బిగుసుకుపోయేది. పుల్లతో గీకేవాళ్ళం. మళ్ళీ నాలుగు బారలు, మళ్ళీ గీకుడు. చివరికి సైకిల్ని భుజం మీద వేసుకుని తారురోడ్డు దాకా మోసేవాళ్ళం. అలా మోయడం మాకు చిన్నతనంగా ఉండేది. గట్టు ఎక్కలేక మధ్యలో కాలు కింద పెట్టినవాడు దోస్తుల్లో ఆ పూటకి ఓడిపోయినట్టే. సైకిలు దిగడమంటే తలవంచడమని ఆ వయసులోనే మనసులో పడిపోయింది. ముప్ఫై ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

ఈ ఆట పుట్టుకే ఆ మాటకి ఎదురు. నూరేళ్ళకు పైబడిన కథ. ఫ్రాన్సులో రోడ్డు రేసుల వాళ్ళు చలికాలంలో ఒళ్ళు కాపాడుకోవడానికి ఊరి నుంచి ఊరికి పందెం పెట్టుకునేవారు. బాట వెంటే పోవాలని లేదు. పొలాలకి అడ్డంపడి, కంచెలు దాటి, సైకిలు మోసుకుంటూ పోయినా తప్పు లేదు. పరుగెడితే చలికి కొయ్యబారిన పాదాల్లోకి నెత్తురు వస్తుంది, అదొక లాభం. డేనియల్ గూసో అనే సైనికుడు 1902లో ఫ్రాన్సు జాతీయ పోటీ మొదలుపెట్టాడని చెబుతారు. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఆక్తావ్ లపీజ్ తన గెలుపుకి చలికాలపు ఈ సాధనే కారణమన్నాక ఆటకి పేరొచ్చింది. మొదటి ప్రపంచ పోటీ 1950లో పారిస్‌లో జరిగింది. గెలిచింది జాన్ రోబిక్, అంతకు మూడేళ్ళ ముందు టూర్ గెలిచినవాడు. తర్వాత ఆట బెల్జియం వాళ్ళ సొత్తు అన్నట్టయింది. ఎరిక్ ద వ్లామింక్ ఒక్కడే ఏడుసార్లు ప్రపంచ విజేత. ఆడవాళ్ళకి ప్రపంచ పోటీ పెట్టడానికి మాత్రం 2000 దాకా ఆగారు. అర్ధ శతాబ్దం ఆలస్యం. ఆ అన్యాయం గురించి మా క్లబ్బులో ఆడవాళ్ళు ఇప్పటికీ గట్టిగా మాట్లాడతారు, మాట్లాడాలి కూడా.

మా చాంపియన్‌షిప్ ఇంత పెద్ద మాటలది కాదు. ప్రాంతీయ లీగులో ఒక ఆదివారం పోటీని మా క్లబ్బు నిర్వహిస్తుంది. అందులోనే, ప్రతి విభాగంలో మా జెర్సీ వేసుకున్నవాళ్ళలో ముందు గీత దాటినవాళ్ళు ఆ ఏటి మా క్లబ్బు విజేతలు. ఒక పతకం, చప్పట్లు, అంతే. పొద్దున పిల్లలు, తర్వాత నలభై దాటిన మా వెటరన్లు, ఆడవాళ్ళు, మధ్యాహ్నం కుర్రవాళ్ళు. పోటీలో లేనప్పుడు మార్షల్‌గా నిలబడాలి, లేదా టీ డేరాలో కప్పులు కడగాలి. నన్ను పలకల దగ్గర వేశారు, మెడలో విజిల్, చేతిలో టేపు చుట్ట.

పన్నెండేళ్ళ లోపు పిల్లల పోటీలో మా అమ్మాయి ఉంది. పదకొండేళ్ళు. పావుగంట పోటీ. ఆఖరి చుట్టులో పలకలకి ఇరవై గజాల ముందు చెయిన్ జారిపోయింది. పెడల్ ఊరికే తిరుగుతోంది. నా వైపు ఒక్క చూపు చూసింది. సైకిలు మార్చుకోవడానికైనా, బాగుచేయించుకోవడానికైనా పిట్ అనే ఒక చోటుంది, దాని బయట ఎవరి సాయమూ తీసుకోకూడదు. చిన్నపిల్లల దగ్గర ఈ నియమం ఎవరూ బిగించరు గానీ తను అడగలేదు. దిగింది. సైకిలెత్తి మొదటి పలక దాటింది, రెండోది దాటింది, కిందికి దించకుండానే భుజానికెత్తుకుని పరుగు అందుకుంది. గీత అక్కడికి రెండు వందల మీటర్లు. గొలుసు మట్టి దాని చెంపకంతా అంటింది.

"నాన్నా, పలకల దగ్గర నేను ఆగలేదు, చూశావా?" అంది తర్వాత.

"చూశాను తల్లీ. రెండో పలకకి సైకిలు కాస్త ఎక్కువ ఎత్తావు."

"చక్రం తగులుతుందేమోనని."

"తగల్లేదుగా. వచ్చేసారి ఒక జానెడు తగ్గించు."

చెయిన్ గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు.

దిగడంలో ఉన్న పనితనం ఏమిటో ఇక్కడ కాస్త నింపాదిగా చెప్పాలి. పలక పదిహేను గజాల దూరంలో ఉండగానే కుడికాలు పెడల్ నుంచి విడిపించి, సీటు వెనక నుంచి తిప్పి ఎడమవైపుకి తేవాలి. ఒంటి బరువంతా ఎడమకాలి మీద. సైకిలు ఇంకా వేగంగానే పోతోంది. కుడిచెయ్యి హ్యాండిల్ వదిలి పైబారు పట్టుకోవాలి. అప్పుడు ఎడమకాలు విడిపించి, నేల తాకగానే అది పరుగులో మొదటి అడుగు కావాలి. ఆగి, నిలబడి, తర్వాత పరుగెత్తితే రెండు క్షణాలు పోయాయి, ఊపు పోయింది. సైకిలెత్తాల్సింది మోచేతి బలంతో కాదు, పరుగు ఊపుతో. ఎక్కడం ఇంకా కష్టం. ఎడమకాలు తన్ని గాల్లోకి లేచి, కుడితొడ లోపలివైపు సీటు మీద జారేలా కూర్చోవాలి. చాలామంది ఎక్కేముందు భయంతో ఒక చిన్న గెంతు గెంతుతారు. ఆ గెంతు మాన్పించడానికి మా క్లబ్బు శిక్షకురాలు ప్రతి బుధవారం సాయంత్రం దీపాల కింద మాచేత గడ్డి మీద గంటసేపు ఇదే చేయిస్తుంది. ఎక్కు, దిగు, ఎక్కు, దిగు.

నేను చేరిన కొత్తలో ఆవిడ నా దిగడం చూసి, "ఇది నీకు ఎవరు నేర్పారు?" అని అడిగింది. ఎవరూ నేర్పలేదనే చెప్పాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. మా నాన్న బడిపంతులు. పంచె ఒక చేత్తో పట్టుకుని, బడి గేటు ఇంకా పది గజాలుండగానే కుడికాలు వెనక నుంచి తిప్పి ఎడమ పెడల్ మీద నిటారుగా నిలబడి జారుకుంటూ వచ్చేవాడు. సైకిలు ఆగేది కాదు, ఆయన నడక మొదలయ్యేది. స్టాండు వేసే దాకా ఆ రెండూ ఒకటే కదలిక. పోస్ట్‌మేన్ కూడా అలాగే దిగేవాడు. రోజూ చూసి చూసి నా ఒంట్లోకి వచ్చింది. బెల్జియంలో కుర్రాళ్ళకి ఏళ్ళ తరబడి నేర్పే విద్యలో సగం మా ఊరి బడి గేటు దగ్గర ఏ పేరూ లేకుండా ఉంది.

పదకొండున్నరకి మా పోటీ. టైర్లలో గాలి 20 పీఎస్ఐకి దించాను. రోడ్డు మీద అందులో మూడింతలు పైనే పెడతాం. బొటనవేలితో నొక్కితే దిగాలి, అప్పుడే టైరు నేలని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే చెట్ల వేళ్ళ మీద రిమ్ము తగిలి ట్యూబు పోతుంది. విజిల్ పడగానే అరవై మంది ఒక్కసారిగా మొదటి మలుపు కోసం ఎగబడ్డారు. మొదటి చుట్టులో గడ్డి ఇంకా గడ్డిలాగే ఉంది. మూడో చుట్టుకి అది నల్లటి ముద్ద. అది టైరుకి అంటుకుంటుంది, టైరు తెచ్చి ఫోర్కులో కుక్కుతుంది, గేర్ల దగ్గర గడ్డిపోచలు చుట్టుకుంటాయి. అయినా చక్రం తిరుగుతూనే ఉంది. ఈ సైకిలుకి మడ్‌గార్డు లేదు, ఫోర్కుకీ టైరుకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు వదిలారు. ఆ సందు చూసినప్పుడల్లా నల్లరేగడి బాటలో పుల్ల పట్టుకుని కూర్చున్న పిల్లలు గుర్తొస్తారు.

నాలుగో చుట్టులో గట్టు కింద ఇద్దరు తొక్కుతూ ఎక్కాలని చూసి సగంలో ఆగిపోయారు. నేను ముందే దిగి భుజానికెత్తుకున్నాను. కుడిచెయ్యి ఫ్రేము లోపల నుంచి పోనిచ్చి హ్యాండిల్ ఎడమ కొమ్ము పట్టుకుంటే సైకిలు వీపుకి అతుక్కుంటుంది, ఎడమచెయ్యి ఖాళీగా ఉంటుంది. ఇద్దరినీ దాటాను. పైకెక్కి సీటు మీద జారుతుంటే గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. మా క్లబ్బు వెటరన్లలో నాలుగోవాణ్ణి. పోటీ గెలిచినతను నన్ను రెండు చుట్లు దాటిపోయాడు. ఇలాంటి లీగుల్లో వెనకబడినవాళ్ళని పక్కకి తీసేయరు. మొదటివాడు ఆఖరి గీత దాటాక ఎవరు ఎన్నో చుట్టులో ఉన్నా ఆ చుట్టుతో పోటీ ముగుస్తుంది. అందుకే ఎవ్వరూ మైదానంలో ఒంటరిగా మిగిలిపోరు. చెమటతో, బురదతో అందరూ ఒక్క పది నిమిషాల్లో గీత దగ్గర చేరతారు. ఇంత మర్యాద ఉన్న పోటీ నేను ఇంకోటి చూడలేదు.

పలకల మీదుగా దిగకుండా గెంతించేవాళ్ళూ ఉన్నారు. బీఎంఎక్స్ సైకిలు పోటీల నుంచి వచ్చిన స్వెన్ నైస్ ఆ విద్యకి పేరు తెచ్చాడు. మా లీడ్స్ కుర్రాడు టామ్ పిడ్‌కాక్ 2022లో ప్రపంచ విజేత అయ్యాక ఇక్కడ ప్రతి పిల్లాడికీ గెంతాలనే ఉంటుంది. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ మాలాంటివాళ్ళ స్థాయిలో శుభ్రంగా దిగి ఎక్కేవాడే చాలాసార్లు ముందుంటాడని పలకల పక్కన నిలబడి చూసి చెబుతున్నాను. గెంతాలా వద్దా అని తటపటాయించినవాడు పలక ముందు ఆగిపోతాడు.

ఆడవాళ్ళ పోటీలో మా క్లబ్బు తరఫున అరవై దాటిన విభాగంలో ఒక్కావిడే ఉంది. ప్రతి చుట్టులోనూ పలకల ముందు పూర్తిగా ఆగేది. దిగేది. సైకిల్ని రెండు చేతులతో ఎత్తి అవతల పెట్టేది, తను దాటేది, మళ్ళీ ఎత్తేది. నాలుగు చుట్లు, ఎనిమిది పలకలు. నేను పక్కనే ఉన్నా చెయ్యి వెయ్యకూడదు. ఆమె ముఖంలో ఎక్కడా తొందర లేదు, చిన్నతనం లేదు. పనిలో ఉన్న మనిషి ముఖం అది. ఎదురు పోటీ లేకపోయినా పోటీ పూర్తి చేస్తేనే పతకమన్నది మా నియమం. పూర్తి చేసింది, తీసుకుంది. ఆ రోజు అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు ఆవిడకే.

నాలుగుకల్లా చీకటి పడుతుంది కాబట్టి మూడింటికే గుంజలు పీకడం మొదలుపెట్టాం. నాలుగు వందల ముప్ఫై పాతితే నాలుగు వందల ఇరవై ఏడు దొరికాయి. మలుపుల దగ్గర నేల దున్నిన చేనులా ఉంది. ఆ మైదానం మాది కాదు, అడిగి తెచ్చుకున్నది. దున్నిన చోటల్లా మార్చిలో రోలర్ తిప్పి గడ్డి గింజలు చల్లి ఇస్తామని ముందే మాటిచ్చాం. ఆ పనికి పేర్లు రాసే కాగితం టీ డేరాలో పెట్టారు. నా పేరు రాశాను. కింద మా అమ్మాయి తన పేరు తనే రాసుకుంది.