6.4 స్వీడన్, అమెరికా నమూనాలు: ఎస్పింగ్-ఆండర్సన్ వర్గీకరణపై విమర్శ

స్వీడన్‌ను అమెరికాతో పోల్చమని అడిగినప్పుడు చాలామంది విద్యార్థులు ‘అక్కడ సామ్యవాదం, ఇక్కడ పెట్టుబడిదారీ విధానం’ అని ఒక్క వాక్యంతో ముగిస్తారు. ఈ సమాధానం సరికాదు. స్వీడన్‌లో పరిశ్రమలు అత్యధికం ప్రైవేటు యాజమాన్యంలోనే ఉన్నాయి. ఆ దేశం వారసత్వ పన్నును 2004లో, సంపద పన్నును 2007లో రద్దు చేసింది. అమెరికాలో ఫెడరల్ కనీస వేతన చట్టం ఉంది. స్వీడన్‌లో అటువంటి చట్టమే లేదు. అక్కడ వేతనాలను కార్మిక సంఘాలు, యజమానుల సంఘాలు ఒప్పందాల ద్వారా నిర్ణయించుకుంటాయి. 1938 నాటి సాల్ట్‌షోబాడెన్ ఒప్పందం ఈ పద్ధతికి బలమైన పునాది వేసింది.

మరి అసలు భేదం ఎక్కడ ఉంది? డెన్మార్క్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త గోస్టా ఎస్పింగ్-ఆండర్సన్ 1990లో ప్రచురించిన ‘ది త్రీ వరల్డ్స్ ఆఫ్ వెల్ఫేర్ కాపిటలిజం’ గ్రంథంలో దీనికి సమాధానం ఇచ్చాడు. ప్రభుత్వం ఎంత ఖర్చు చేస్తుందన్నది ముఖ్యం కాదు, మనిషి తన శ్రమను అమ్ముకోలేని రోజున కూడా గౌరవంగా బతకగలడా అన్నదే ముఖ్యం అని ఆయన వాదం. దీన్ని ‘డీకమోడిఫికేషన్’ అన్నాడు. ఒక ఉదాహరణ చూడండి. అమెరికాలో పనిచేసే వయసువారిలో ఎక్కువమందికి ఆరోగ్య బీమా యజమాని ద్వారానే లభిస్తుంది. కాబట్టి ఉద్యోగం పోతే బీమా కూడా ప్రమాదంలో పడుతుంది. స్వీడన్‌లో వైద్యం నివాసితులందరి హక్కు. ఉద్యోగంతో దానికి సంబంధం లేదు.

ఈ దృష్టితో ఆయన 18 దేశాలను పరిశీలించి, ఉదారవాద (అమెరికా), సంప్రదాయవాద (జర్మనీ), సామాజిక ప్రజాస్వామిక (స్వీడన్) అనే మూడు నమూనాలను ప్రతిపాదించాడు. పోలికను ఖర్చు లెక్కల నుంచి హక్కుల వైపు మళ్లించడం ఈ గ్రంథం సాధించిన గొప్ప ప్రయోజనం.

అయితే దీనికి రెండు ముఖ్యమైన పరిమితులు ఉన్నాయి.

మొదటిది, ఆయన దృష్టిలోని మనిషి వేతన కార్మికుడు. ఇంట్లో పిల్లలను, వృద్ధులను చూసుకునే స్త్రీ శ్రమకు ఆ కొలమానంలో చోటు లేదు. అసలు వేతనమే లేని స్త్రీకి మార్కెట్ నుంచి విముక్తి కంటే ముందు సొంత సంపాదన కావాలని ఆన్ ఆర్లాఫ్ వంటి స్త్రీవాద విమర్శకులు గుర్తుచేశారు. స్వీడన్‌లో 1974 నుంచి తండ్రులకు కూడా వేతన పరిహారంతో కూడిన సెలవు హక్కు ఉంది. అమెరికాలో 1993 నాటి ఫెడరల్ చట్టం అర్హులైన ఉద్యోగులకు 12 వారాల సెలవు ఇస్తుంది, కాని జీతం ఇవ్వదు. ఇంత పెద్ద భేదం ఆ కొలమానానికి అందలేదు. ఈ విమర్శను స్వీకరించి ఆయన 1999 నాటి గ్రంథంలో కుటుంబాన్ని చర్చలోకి తెచ్చాడు.

రెండవది, హక్కుల గురించి చెప్పినంతగా వాటి ఖర్చును ఎవరు భరిస్తారో చెప్పలేదు. స్వీడన్‌లో విలువ ఆధారిత పన్ను సాధారణ రేటు 25 శాతం. అంటే అక్కడి సంక్షేమానికి ధనికులే కాదు, సామాన్యులు కూడా చెల్లిస్తారు. అమెరికాలో జాతీయ స్థాయిలో ఇటువంటి పన్నే లేదు.

కాబట్టి ఏ నమూనా మంచిదని తేల్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: హక్కు ఎవరికి ఉంది? ఇంటి పని ఎవరు చేస్తున్నారు? ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

మీ అవగాహనను పరీక్షించుకోండి: కనీస వేతన చట్టం లేకపోయినా స్వీడన్‌ను సామాజిక ప్రజాస్వామిక నమూనాగా ఎందుకు పరిగణిస్తారు?