నాయకుడి ముఖంతో ప్రతినాయకుడు

నాని హంతకుడి వేషం వేశాడు. 2020లో తెలుగు సినిమా పరిశ్రమ దీన్నొక సాహసంగా చెప్పుకుంది. 'అష్టా చమ్మా' (2008) నుంచి పక్కింటి కుర్రవాడిగా, ప్రేమలో తడబడే మామూలు మనిషిగా జనానికి అలవాటైన ముఖం అది. ఆ ముఖాన్ని మొదట తెరమీదికి తెచ్చిన ఇంద్రగంటి మోహనకృష్ణే పన్నెండేళ్ల తర్వాత 'వి'లో దానికి నెత్తురు పూశాడు. కరోనా కాలంలో థియేటర్లు మూతబడి ఉన్నాయి గనుక ఆ సినిమా సెప్టెంబరు 5న అమెజాన్ ప్రైమ్ ద్వారా నేరుగా ఇళ్లలోకి వచ్చింది. నారాయణఖేడ్‌లో మేం దాన్ని సెల్‌ఫోన్లలో చూశాం. తార కనబడగానే ఈలలు వేసే జనం లేరు, కాగితపు ముక్కలు ఎగరేసే అభిమానులు లేరు. సినిమా తన కాళ్లమీద తాను నిలబడాల్సి వచ్చింది. విమర్శకుడికి ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి దొరకదు.

ముందు భాగంలో పేరు మోసిన పోలీసు అధికారి ఆదిత్యకు (సుధీర్‌బాబు) ఒక హంతకుడు సవాలు విసురుతాడు. చంపుతాడు, ఆనవాలు వదులుతాడు, చేతనైతే పట్టుకొమ్మంటాడు. నాని కళ్లలోని చిలిపితనం ఎక్కడికీ పోలేదు. మనకు తెలిసిన ఆ చిలిపితనమే ఇప్పుడు శవం పక్కన కనబడుతోంది గనుక ఒళ్లు జలదరిస్తుంది. ఇది నటుడి ప్రతిభ, కాదనను. అయితే కథ సగం దాటాక గతం విప్పుతారు. అతను ఒకప్పటి సైనికుడు, పేరు విష్ణు. ప్రాణంగా చూసుకున్న భార్య సాహెబాను (అదితీరావు హైదరీ) దుర్మార్గులు చంపారు. ఇప్పుడు చచ్చినవాళ్లంతా చావదగినవాళ్లే. దుష్టుడనుకున్నవాడు దుష్టశిక్షకుడయ్యాడు. పేరులోనే ఉంది గదా! పాత్ర తారను మార్చలేదు, తారే పాత్రను మార్చింది. మూడేళ్ల తర్వాత రవితేజ 'రావణాసుర' (2023) కూడా ఇదే దారిన నడిచింది. పేరు రావణుడిది, చివరికి తేలిన పని రాముడిది.

ఎందుకిట్లా జరుగుతుంది? దర్శకుడికి ధైర్యం చాలలేదని అనుకుంటే అది సగం జవాబే. తెలుగు సినిమా కథగా అమ్ముడుపోదు, తార పేరుమీద అమ్ముడుపోతుంది. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత అని ప్రాంతాలవారీగా బేరాలు కుదురుతాయి. (నిజాం రాజ్యం 1948లో పోయింది. సినిమా వ్యాపారంలో మాత్రం ఖేడ్‌వాసులం ఇంకా నైజాంలోనే ఉన్నాం.) ఆ బేరంలో సరుకు తార ముఖం, ఆ ముఖంమీద జనానికున్న నమ్మకం. ఒక సినిమా కోసం ఆ నమ్మకాన్ని నిజంగా చెడగొడితే తర్వాతి సినిమాల పెట్టుబడికి గండి పడుతుంది. అందుకని చెడ్డతనాన్ని అద్దెకు తెచ్చి, క్లైమాక్సులోపు తిరిగి ఇచ్చేస్తారు.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. ఫ్రాన్సిస్ ఐల్స్ నవలలో భర్త హంతకుడు. దాన్ని హిచ్‌కాక్ 'సస్పిషన్' (1941)గా తీసినప్పుడు ఆ వేషం క్యారీ గ్రాంట్‌ది. సినిమా చివర అతను నిర్దోషి. భార్య అనుమానమంతా భ్రమగా తేలిపోయింది. నవల ఎవరిమీదైతే నేరం మోపిందో అతన్ని కాపాడటానికి, ఆడమనిషి భయాన్నే తప్పుగా చూపించాల్సి వచ్చింది. తార పరువుకు ఎవరు మూల్యం చెల్లించారో గమనించండి.

మన దగ్గర ఎన్.టి. రామారావు రావణుడు వేయలేదా అని ఎవరైనా అడగవచ్చు. వేశాడు. 'భూకైలాస్' (1958)లో వేశాడు, 'సీతారామ కళ్యాణం' (1961)లో వేశాడు. 'దాన వీర శూర కర్ణ' (1977)లో కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేశాడు. అయితే ఆ రావణుడు మహాభక్తుడు, పండితుడు, అభిమానధనుడు. ఆ దుర్యోధనుడు ఆత్మగౌరవమున్న రాజు. పురాణపాత్రను కొత్తగా చదవటానికి అందులో వీలుంది, ఆ మేరకు అది మంచిదే. కాని అక్కడ కూడా తార దుష్టుడివైపు దిగి రాలేదు, దుష్టుణ్ణే తన ఎత్తుకు లేపుకున్నాడు. కృష్ణుడికి అలవాటైన భుజాలమీద దుర్యోధనుడి కిరీటం కూడా అందంగానే కూర్చుంటుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె 1968లో తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్'. అందులో హంతకుడు హెన్రీ ఫాండా. అమెరికన్ ప్రేక్షకుడికి ఫాండా అంటే ఎవరు? యువకుడైన లింకన్. స్టైన్‌బెక్ నవల 'గ్రేప్స్ ఆఫ్ రాత్' 1940లో సినిమాగా వచ్చినప్పుడు, భూమి పోగొట్టుకుని కుటుంబంతో వలసపోయే టామ్ జోడ్. అంటే నిజాయితీకి, కష్టజీవికి అమెరికా ఇచ్చుకున్న ముఖం. దుష్టపాత్ర గదా అని ఫాండా గోధుమరంగు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని, మీసం పెంచుకుని షూటింగుకు వచ్చాడు. లియోనె రెండూ తీయించేశాడు. అతనికి కావలసింది జనం నమ్మిన ఆ నీలికళ్లే. పొలంలో ఒక కుటుంబం కాల్పుల్లో కూలిపోతుంది, చిన్న పిల్లవాడొక్కడు మిగులుతాడు, కెమెరా హంతకుడి వీపు వెనకనుంచి మెల్లగా తిరిగి ముఖం చూపిస్తుంది. అది ఫాండా. ఆ పిల్లవాణ్ణి కూడా చంపుతాడు. ఆ హంతకుడు ఎవరి మనిషి? రైలుమార్గం వేసే పెట్టుబడిదారుడి జీతగాడు. టామ్ జోడ్‌ను భూమినుంచి వెళ్లగొట్టిన శక్తులకు ఇప్పుడు టామ్ జోడ్ ముఖమే పనిచేస్తోంది. ఇక్కడ తారకున్న మంచిపేరు అలంకారం కాదు, ప్రేక్షకుడిమీద ప్రయోగించిన సాక్ష్యం. నువ్వు నమ్మింది ఈ ముఖాన్నే గదా అని సినిమా అడుగుతుంది. చివరిదాకా క్షమాపణ చెప్పదు.

కారణం చూపటమే తప్పని నా వాదం కాదు. చాప్లిన్ 'మస్యూ వెర్డూ' (1947)లో భార్యల్ని వరసగా చంపే హంతకుడయ్యాడు. లోకమంతా ప్రేమించిన బికారివాడి ముఖం అది. వెర్డూకు కారణముంది. ఏళ్ల తరబడి బ్యాంకు గుమాస్తాగా చేసి, ఆర్థికమాంద్యంలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇంట్లో నడవలేని భార్య, చిన్న కొడుకు. చంపటాన్ని వ్యాపారంగా పెట్టుకున్నాడు, లెక్కలు రాసుకున్నాడు. అయినా చాప్లిన్ అతన్ని విడిపించలేదు, గిలొటిన్ దగ్గరికే నడిపించాడు. పోతూ పోతూ వెర్డూ తన చిల్లర వ్యాపారాన్ని యుద్ధాల టోకు వ్యాపారంతో పోల్చుకుంటాడు. కారణం వేరు, సంజాయిషీ వేరు. కారణం నేరాన్ని సమాజందాకా విస్తరిస్తుంది. సంజాయిషీ నేరాన్ని తుడిచేస్తుంది. 'వి' ఇచ్చింది సంజాయిషీ. అమెరికాలో చాప్లిన్ మీద ఎంత దాడి జరిగిందో, 1952లో ఆ దేశం అతని పునఃప్రవేశాన్ని ఎట్లా అడ్డుకుందో మనకు తెలుసు. వెర్డూ ఒక్కటే దానికి కారణం కాకపోవచ్చు గాని, ఆ సినిమా ఎవరికీ మరపుకు రాలేదు.

ఇక జగపతిబాబు సంగతి. 'శుభలగ్నం' (1994)లో భార్య డబ్బుకోసం మరొకరికి అప్పజెప్పిన భర్తగా ఇంటింటి సానుభూతి పొందిన నటుడు 'లెజెండ్' (2014)లో ప్రతినాయకుడయ్యాడు, అట్లాగే నిలిచిపోయాడు. 'నాన్నకు ప్రేమతో' (2016)లో లండన్ కోటీశ్వరుడు కృష్ణమూర్తి కౌటిల్యగా, చిరునవ్వుతో ఎదుటివాణ్ణి ముంచే మోసగాడిగా రాణించాడు. ఇతనికి సంజాయిషీ ఎందుకు అవసరం కాలేదు? నాయకుడిగా అతని గిరాకీ అప్పటికి తగ్గిపోయింది. కాపాడుకోవలసిన పెట్టుబడి లేదు గనుక పాత్రకు స్వేచ్ఛ వచ్చింది. నాగార్జున 'కూలీ' (2025)లో సైమన్ వేషం వేసి సంజాయిషీ లేకుండా చెడ్డవాడిగా మిగిలినా, అది రజనీకాంత్ తమిళ సినిమా. తన వ్యాపారం తాను నడిపే సొంత గడ్డమీద కాదు.

ఈ తారలెవరూ లేనప్పుడు తెలుగు సినిమా దుష్టుణ్ణి ఎట్లా గుర్తుపట్టించింది? నాకు అసలు కోపం ఇక్కడే. మాటతో గుర్తుపట్టించింది. 'ప్రతిఘటన' (1985)లో, 'గణేష్' (1998)లో కోట శ్రీనివాసరావు దుర్మార్గపు రాజకీయవాది. మాట్లాడింది తెలంగాణ మాట. 2025 జూలైలో కన్నుమూసిన కోట గొప్ప నటుడు. పుట్టింది కృష్ణా జిల్లా కంకిపాడులో. మా మాటలోని విరుపును, వెటకారాన్ని అతను పట్టుకున్నంతగా మావాళ్లే పట్టుకోలేదేమో. తప్పు నటుడిది కాదు, పంపకానిది. అదే సినిమాల్లో న్యాయం మాట్లాడేవాళ్లు పుస్తకాల తెలుగు మాట్లాడారు, దోచుకునేవాడు మా తెలుగు మాట్లాడాడు. నారాయణఖేడ్ మూడు రాష్ట్రాల సరిహద్దు ప్రాంతం. సంతలో తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి వినబడతాయి. ఇక్కడి పిల్లలు పట్నం చదువులకు పోయి నోరు విప్పితే, సినిమా రౌడీలాగా మాట్లాడుతున్నావని తోటివాళ్లు నవ్విన రోజులున్నాయి.

తార దుష్టపాత్ర వేసినప్పుడు ఈ గుర్తు మాయమవుతుంది. 'వి'లో నాని మాట నాగరికమైన మాట. అదే నాని 'దసరా' (2023)లో సింగరేణి ప్రాంతపు ధరణిగా తెలంగాణ మాట మాట్లాడాడు, అప్పుడతను నాయకుడు. ఇది మంచి మార్పే, ప్రత్యేక రాష్ట్రం తెచ్చిన మార్పు. అయితే ఆ ఊరి దుర్మార్గుడి వేషానికి కేరళనుంచి షైన్ టామ్ చాకోను తెచ్చుకున్నారు. దుర్మార్గం ఊళ్లోదే, దాని ముఖం మాత్రం దిగుమతి. (దిగుమతి ముఖాలకూ కాలం కొత్త అర్థాలిస్తుంది. 'అరుంధతి'లో పశుపతిగా భయపెట్టిన సోనూ సూద్ 2020లో వలసకూలీలకు బస్సులు పెట్టాక, ఆ ముఖం చూసి భయపడటం జనానికి కష్టమయింది.)

మలయాళంలో పరిస్థితి వేరుగా ఉంది. మమ్ముట్టి తార వెలుగు నిండుగా ఉన్న రోజుల్లోనే ఆదూర్ గోపాలకృష్ణన్ 'విధేయన్' (1993)లో భాస్కర పట్టేలరు వేశాడు. జకారియా కథ అది. పట్టేలరు పదవి ఎప్పుడో పోయింది, పెత్తనం పోలేదు. దక్షిణ కన్నడ ప్రాంతానికి బతకవచ్చిన తొమ్మిని బానిస చేసుకుంటాడు, అతని భార్యను చెరబడతాడు, చివరికి మంచిదైన తన భార్యనే చంపుతాడు. కన్నడం కలిసిన మలయాళం మాట్లాడతాడు. ఖేడ్‌లో ఆ మాట వింటే పరాయిది అనిపించదు. పెత్తందారుకూ ఒక యాస, అణిగినవాడికీ ఒక యాస ఉన్నాయి గనుక అక్కడ యాస ఒక్కరిమీద వేసిన ముద్ర కాలేదు. ఆ తర్వాత కూడా 'భ్రమయుగం' (2024)లో అదే తార కుల పెత్తనానికి మరో ముఖమిచ్చాడు. మన దగ్గర 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసిన ముఖ్యమంత్రి స్వయంగా సినిమా తార. కాని తన మార్కెట్టు నిండుగా ఉండగా, సంజాయిషీ అడగకుండా తెలంగాణ పటేలు వేషం కట్టిన తెలుగు తార నాకు తెలిసి లేడు. బి. నర్సింగరావు 'దాసి' (1988)లో దొరను చూపటానికి తారలు లేని సినిమానే తీసుకోవలసి వచ్చింది.

సినిమావాళ్లను ఇంత అన్నాక మన కథల సంగతి అడగకపోతే అన్యాయం. మన కథల్లో దొరకు మీసం, సావుకారుకు బొజ్జ, ఎస్సైకి బూతులు. మొదటి పేరాలోనే పాఠకుడు గుర్తుపట్టేస్తాడు, మిగతా కథ ఆ గుర్తింపుకు రుజువు. గుర్తుపట్టే పని కథ పాఠకుడికి వదలటం లేదు. పిల్లలకు ఫీజు కట్టే మంచి పెద్దమనిషి, సభలకు చందా ఇచ్చే అభ్యుదయ మిత్రుడు, ప్రేమగా మాట్లాడే తండ్రి వీళ్ల చేతుల్లో జరిగే హింసకు మన కథల్లో చోటెంత?

తండ్రి అంటే గుర్తొచ్చింది. 'రంగస్థలం' (2018) ఈ విషయంలో తెలుగు సినిమా వెళ్లగలిగిన దూరం చూపిస్తుంది. ప్రకాశ్‌రాజ్ ఒకప్పుడు ప్రతినాయకుడే అయినా, 'బొమ్మరిల్లు' (2006), 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' (2013) తర్వాత ఇంటిపెద్ద ముఖమయ్యాడు. 'రంగస్థలం'లో ఆ ముఖాన్నే సుకుమార్ వాడుకున్నాడు. కథ పొడుగునా దుర్మార్గుడు జగపతిబాబు వేసిన ప్రెసిడెంటు, అందరికీ కనబడే భూస్వామి. ప్రకాశ్‌రాజ్ వేసిన దక్షిణామూర్తి అతన్ని ఎదిరించే కుర్రాళ్లకు అండ. తీరా కుమార్‌బాబును చంపించింది ఆ అండే. కులం తక్కువవాడు తన కూతుర్ని ప్రేమించాడని. థ్రిల్లరుకు ఉండవలసిన దెబ్బ ఇది. మనం ఏ ముఖాన్ని నమ్మామో దానిమీదే తగిలింది. కాని ఆ నిజం తెలిశాక సినిమా ఏం చేసింది? చిట్టిబాబు ఆ మనిషికి ఏళ్ల తరబడి సేవ చేసి, స్పృహ వచ్చాక, ఒంటరిగా, తన చేతులతో చంపాడు. ప్రెసిడెంటును ఎదిరించటానికి ఊరంతా కావలసి వచ్చింది. కులాన్ని చంపటానికి ఒక గది, ఒక తార సరిపోయాయి. గది బయట ఉన్న ఊరికి ఆ హత్య ఎందుకు జరిగిందో ఎవరు చెప్పారు?