శునకము, సింహాసనము, గోనెపట్ట

కుక్క తోక వంకర ఎన్నటికీ పోదని మనలో ఒక సామెత ఉన్నది. సుమతీ శతకకారుడు ఇదే భావాన్ని మరికొంత ఠీవిగా చెప్పాడు. మంచి ముహూర్తం చూచి కుక్కను బంగారు గద్దె ఎక్కించి పట్టాభిషేకం చేసినా దాని పాత స్వభావం పోదని ఆ పద్యానికి తాత్పర్యం. ఈ పద్యం మన విద్యార్థులలో చాలమందికి కంఠస్థమే. తెలుగు పాఠంలో అది నీతిపద్యంగా ఉన్నంతవరకు చిక్కు లేదు. కాని కుదురుగా కూర్చోని పిల్లవాణ్ణి చూచి “వీడి బుద్ధి మారదు” అని మనం ఆ పద్యాన్ని సాక్ష్యం తెచ్చినప్పుడు అది నీతి కాక శాస్త్రసిద్ధాంతమై కూర్చుంటున్నది. సిద్ధాంతమైన తరువాత దాన్ని పరీక్షకు పెట్టక తప్పదు.

కవిపై మనకు తగవు లేదు. ఆయన చెప్పదలచినది అర్హత లేనివానికి అధికారమిస్తే ఏమవుతుందన్నది, జంతుశాస్త్రం కాదు. అయినా పద్యంలోని ఉపమానాన్ని ఒక ప్రయోగంగా భావించి చూద్దాం. ఇందులో మార్చినది ఏమిటి? ఆసనం ఒక్కటే. నేలమీది కుక్కను గద్దెమీద పెట్టారు. ఆ గద్దెపై కుదురుగా ఉంటే దానికేమి లభిస్తుందో, దుమికిపోతే ఏమి పోతుందో దానికి ఎవరూ తెలియజేయలేదు. కనుక పాత నడవడియే కొనసాగింది. ఇంతవరకు ఫలితం సరియైనదే. కాని దీనినుండి “ఆసనం మార్చినంత మాత్రాన గుణం మారదు” అని మాత్రమే తేల్చవచ్చును. “గుణం ఎన్నడూ మారదు” అని తేల్చడానికి ఈ ప్రయోగం చాలదు. నేర్పి చూడనిదే నేర్వదని ఎట్లా అనగలం?

అసలు గుణమనగా ఏమి? కుక్క నడవడిలో కొంత పుట్టుకతో వచ్చినదే. వాసన పట్టడం, కొత్తవారిని చూచి మొరగడం, పరుగెత్తేదాని వెంటపడడం దాని వంశపు సొత్తు. ఆ వంశపు సొత్తు సైతం మారనిది కాదు. నేటి కుక్కల పూర్వీకులు తోడేళ్ళు. మనిషి పంచన చేరి అవి మారి కనీసం పదిహేనువేల సంవత్సరాలైనది. రష్యాలో బెల్యాయెవ్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు 1959లో ఆరంభించిన ప్రయోగంలో, మనిషికి బెదరని నక్కలను మాత్రమే ఏరి సంతానానికి ఉంచగా, కొద్ది తరాలలోనే తోక ఊపుతూ మనిషి దగ్గరకు వచ్చే నక్కలు పుట్టాయి. ఇక ఒకే కుక్క జీవితంలో జరిగే మార్పు మాట చూద్దాం. 1965లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు తమ గ్రంథంలో, మూడవ వారం మొదలు సుమారు పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల ఎవరి మధ్య పెరిగితే వారిని తనవారిగా ఎంచుతుందని చూపారు. ఇది పుట్టుక, పెంపకం కలిసి చేసే పని.

మిగిలినదంతా అభ్యసనం, అనగా నేర్చుకొన్నది. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. మన వంటింటి గడప చాలును. భోజనాల వేళ కుక్క వచ్చి గడప దగ్గర నిలబడి మూలుగుతుంది. ఆరుసార్లు “ఛీ, పో” అంటాం. ఏడవసారి జాలి కలిగియో, విసుగు పుట్టియో ఒక రొట్టె తునక విసురుతాం. మరునాడు అది ఏడుసార్లు మూలగడానికి సిద్ధపడి వస్తుంది. “దీని ఆశపోతు బుద్ధి పోదు” అంటాం. ఆ బుద్ధికి గురువులు మనమే! ప్రతిసారీ ఇచ్చే బహుమానంకంటె అప్పుడప్పుడు మాత్రమే ఇచ్చే బహుమానం నడవడిని ఎక్కువ గట్టిపరుస్తుంది. స్కిన్నర్, ఫెర్‌స్టర్ అనే వారు 1957లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని పావురాలపైన, ఎలుకలపైన సవివరంగా నిరూపించారు. ఒక పని వెంట మేలు కలిగి, ఆ పని మరల మరల జరిగేటట్లు కావడాన్ని పునర్బలనం అంటారు.

ఇక్కడ మన పాఠాలు చెప్పే తీరును గురించి కూడ ఒక మాట అనక తప్పదు. కుక్కకు నేర్పడమనగానే పావ్‌లవ్ గంట కొట్టాడు, కుక్క నోట లాలాజలం ఊరింది అని ముగిస్తాం. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చినది జీర్ణక్రియపై చేసిన పరిశోధనకు. నిబంధనపై చేసిన పనికి కాదు. ఆయన వాడిన సంకేతాలలో గంట ఒక్కటే గాక మెట్రోనోము టక్కుటక్కులు, బజరు మోత, దీపం వెలుగు కూడ ఉన్నాయి. అన్నింటికంటె మనకు పనికివచ్చే సంగతి మరొకటి. ప్రయోగపు పట్టెడలలో నిలబెట్టిన కుక్కలలో కొన్ని మగతలో పడి నిద్రపోయేవి. పావ్‌లవ్ దాన్ని విసుగుగా తోసివేయక, మెదడులో జరిగే నిరోధమనే క్రియతో ముడిపెట్టి పరిశోధించాడు. అనగా చుట్టూ ఉన్న వస్తువులు ఆకలినే కాదు, విశ్రాంతిని కూడ పిలిచే సంకేతాలు కాగలవు. పాఠంలో లాలాజలం దగ్గర ఆగిపోవడం వల్ల ఈ రెండవ సగం విద్యార్థికి అందడం లేదు.

కుక్కకు ఒక పట్టపై నెమ్మదిగా పడుకొని ఉండడం నేర్పే పద్ధతి ఈ రెండవ సగంపైననే నిలిచి ఉన్నది. అమెరికాలో కేరెన్ ఓవరాల్ అనే పశువైద్యురాలు 1997లో ప్రచురించిన వైద్యగ్రంథంలో, దినానికి కొంతగా పెరిగే పదిహేను దినాల విశ్రాంతి అభ్యాసాన్ని వివరించింది. దాని సారాన్ని మన ఇళ్ళకు తగినట్లుగా ఇట్లా చెప్పవచ్చును.

ఒక పాత గోనెపట్టనో, మడిచిన దుప్పటినో పరచండి. జొన్నరొట్టెనో, ఉడికిన గుడ్డునో శనగగింజంత తునకలుగా చేసి ఉంచుకోండి. ఉల్లిపాయ తగిలిన కూర మాత్రం కుక్కకు హాని. మొదట కుక్క పట్టవైపు చూచినా, ఒక కాలు పెట్టినా తునక పట్టమీద పెట్టండి. తరువాత నాలుగు కాళ్ళూ పెడితేనే, ఆ తరువాత పడుకొంటేనే ఇవ్వండి. తునకను చేతితో పైనుండి చూపితే కుక్క లేస్తుంది. దాని ముందుకాళ్ళ నడుమ, పట్టమీదనే, తొందరపడక ఉంచండి. ఇది చిన్న వివరం వలె కనబడుతుంది గాని ఫలితమంతా దీనిపై ఆధారపడి ఉన్నది. ఎత్తున చూపిన తునక ఎగరడానికి బహుమానం. నేలన పెట్టిన తునక పడుకోవడానికి బహుమానం.

ఇప్పుడు వ్యవధి పెంచాలి. రెండు సెకనులు, అయిదు, మరల మూడు, తరువాత పది — ఇట్లా హెచ్చుతగ్గులతో పోవాలి. వ్యవధి కుదిరిన తరువాత ఒక అడుగు దూరం జరిగి తిరిగి రండి. ఆపైన ఒకరు పక్కనుండి నడవడం, గిన్నె చప్పుడు, తలుపు తెరవడం ఒక్కొక్కటిగా చేర్చండి. కాలం, దూరం, అలజడి అనే ఈ మూడింటిలో ఒకదాన్ని పెంచినప్పుడు తక్కిన రెండింటిని తగ్గించాలి. ముగించేటప్పుడు “ఇక లే” వంటి ఒకే మాట ఎప్పుడూ వాడాలి. పూటకు మూడు నాలుగు నిమిషాలు చాలును. కుక్క లేచిపోతే తిట్టవద్దు. మనం వేసిన మెట్టు ఎత్తైనదని గ్రహించి సగానికి తగ్గించండి.

కొన్ని దినాలకు ఒక మార్పు కనబడుతుంది. మొదట తునక కోసం మన చేతినే చూస్తూ బిగుసుకొని పడుకొన్న కుక్క, నడుమును ఒక పక్కకు వాల్చుతుంది, గడ్డం నేలకు ఆనిస్తుంది, ఊపిరి నిదానమవుతుంది. ఇక్కడ రెండు రకాల అభ్యసనాలు కలిసి పనిచేస్తున్నాయి. పడుకొనడమనే పనికి మేలు కలిగింది. ఇది 1898లో పిల్లులపై ప్రయోగాలు చేసిన థారన్‌డైక్ చెప్పిన ఫలిత నియమం. పట్ట అనే వస్తువు విశ్రాంతికి సంకేతమైంది. ఇది పావ్‌లవ్ చూపిన నిబంధన.

మన సీమలో ఈ అభ్యాసానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఏప్రిల్, మే నెలలలో కర్నూలు, కడపలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. కుక్క శరీరపు సహజోష్ణం సుమారు 38.5 డిగ్రీలు. దానికి చెమట ముఖ్యంగా అరికాళ్ళలోనే పడుతుంది. నాలుక చాచి వగర్చడమే దానికి ప్రధానమైన చల్లదనపు సాధనం. అట్టి ఎండవేళ గోనెపట్ట వదలి కడప బండలు పరచిన వసారాలోకో, నీళ్ళకుండ కింది తడి ఇసుకలోకో కుక్క పోతే అది మాట వినకపోవడం కాదు. ఒంటి వేడిని బండకు ఇచ్చివేయడం. ఉష్ణవహనం పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కనుక తెల్లవారుజామునగాని, దీపాలు పెట్టిన తరువాతగాని నేర్పాలి. పలుచని నూలుగుడ్డ బండపై పరిస్తే మరీ మంచిది.

ఇక మనకు అలవాటైన పద్ధతి గొలుసు, కర్ర. గొలుసు కుక్క తిరిగే మేరను తగ్గిస్తుంది, నెమ్మదిని నేర్పదు. కర్రదెబ్బ తిన్న కుక్క మూలను చేరి కదలక పడి ఉంటుంది గదా, అది నెమ్మది కాదా అని అడుగవచ్చు. 1967లో సెలిగ్‌మన్, మైయర్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగం దీనికి సమాధానం. తప్పించుకొనే వీలులేని విద్యుదాఘాతాలకు గురియైన కుక్కలలో అనేకం, తరువాత తప్పించుకొనే దారి ఉన్నా ప్రయత్నించక పడి ఉండిపోయాయి. నిస్సహాయతను అవి నేర్చుకొన్నాయని అప్పుడు వారు భావించారు. దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 2016లో, మెదడుపై జరిగిన కొత్త పరిశోధనలను చూచి వారే తమ సిద్ధాంతాన్ని తిరగవ్రాశారు: దీర్ఘమైన బాధకు చేష్టలుడిగిపోవడం సహజ ప్రతిస్పందన, జంతువు నేర్చుకొనేది “నా ప్రయత్నం వల్ల ఫలితం కలుగుతుంది” అన్న సంగతిని. మూలన ముడుచుకొన్న కుక్కా, పట్టపై గడ్డం ఆనించిన కుక్కా దూరానికి ఒకే తీరున కదలక కనబడతాయి. మొదటిది ప్రయత్నం మానుకొన్నది. రెండవది ఏమి చేస్తే మేలో తెలిసికొన్నది. ఈ తేడాను చూపలేని శిక్షణను శిక్షణ అనరాదు.

అయితే ఈ పద్ధతికి ఎల్లలు లేకపోలేదు. నొప్పితో ఉన్న కుక్క, మిక్కిలి భయపడిన కుక్క తునకలతో కుదుటపడదు. దాన్ని పశువైద్యునికి చూపాలి. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉన్నది. ప్రభుత్వ పశువైద్యశాలలు ఉండనే ఉన్నాయి. హఠాత్తుగా నడవడి మారిన కుక్కను రేబిస్ అనుమానంతో దూరంగా ఉంచాలి గాని నేర్పబూనరాదు. కరిచినా, గీరినా గాయాన్ని వెంటనే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవాలి. అందువల్ల విద్యార్థులు ఈ అభ్యాసాన్ని వీధికుక్కలపై చేయరాదు. టీకాలు వేయించిన ఇంటి కుక్కతో, పెద్దలు దగ్గర ఉండగా మాత్రమే చేయాలి.

ఉపాధ్యాయులు దీన్ని చక్కని ప్రయోగంగా మార్చవచ్చును. కుక్క ఉన్న విద్యార్థులు పది దినాలపాటు, కుక్క పట్టపై తనంతట తాను ఎన్ని సెకనులు పడుకొన్నదో వ్రాసి గ్రాఫు గీయాలి. ఆ వేళ ఉష్ణోగ్రతను కూడ గుర్తించాలి. పదకొండవ దినాన పట్టను మరొక గదిలో పరచాలి. కుక్క పాత చోటికి పోయిందా, పట్ట ఉన్న చోటికి వచ్చిందా? మొదటిదైతే అది చోటును నేర్చింది. రెండవదైతే పట్టను నేర్చింది. ఏది జరిగినా విద్యార్థికి సంకేతమంటే ఏమిటో అర్థమవుతుంది. గ్రాఫు ఎగుడుదిగుడుగా వచ్చినా దిద్దనివ్వకండి. ఎండ, చుట్టాల రాక, పక్కింటి పిల్లి అన్నీ అందులో కనబడాలి.

పిల్లలు కుక్కలు కారు. మిఠాయి చూపి తరగతిని కుదురుగా ఉంచమని ఈ వ్యాసం చెప్పడం లేదు. పిల్లవానికి కారణం చెప్పవచ్చును, అతడు తిరిగి ప్రశ్న వేయగలడు. కాని గుణాన్ని తేల్చే తొందర విషయంలో ఇద్దరికీ మనం చేసే అన్యాయం ఒక్కటే. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును కూడ నిషేధించింది. “వీడి బుద్ధి మారదు” అన్న మాట ఆ రెండవదానికి ఎంత దూరమో మనమే ఆలోచించుకోవాలి. మొదటి బల్లమీదినుండి చివరి బల్లకు, చివరి బల్లనుండి గోడవైపుకు పిల్లవాణ్ణి మార్చడం ఆసనం మార్చడమే. పద్యం చెప్పినట్లు దానివల్ల ఏమీ మారదు. అతనికి ఏ మెట్టు ఎత్తైందో కనుక్కొని దాన్ని సగానికి తగ్గించడం నేర్పడం.

సుమతీ శతకాన్ని మనం మానవలసిన పని లేదు. ఆ పద్యం చెప్పిన గంటలోనే, “ఆ కుక్కకు గద్దెపై కూర్చోవడం ఎవరైనా నేర్పారా?” అని పిల్లలను అడగండి. తెలుగు పాఠమూ, జీవశాస్త్ర పాఠమూ ఆ ప్రశ్న దగ్గర కలుసుకొంటాయి.