బెల్లా మీద కోపం

ఈ వారం మా మేనకోడలు 'న్యూ మూన్' సగంలో ఆపేసి నా చేతిలో పెట్టింది. "ఈ పిల్లతో నావల్ల కాదత్తా. వాడు వెళ్ళిపోతే మాత్రం ఇంతలా కూలబడిపోవాలా?" అంది. స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' 2005లో వస్తే, మరుసటి ఏడాది వచ్చిన రెండో నవల ఇది. పద్దెనిమిదో పుట్టినరోజున ప్రియుడు ఎడ్వర్డ్ ఇంట్లో నాయిక బెల్లా వేలు కాగితానికి తెగుతుంది. ఆ ఇంటివాళ్ళంతా రక్తపిశాచులు. నెత్తురు చూసి వాళ్ళలో ఒకడైన జాస్పర్ ఆమె మీదికి దూకుతాడు. తామంతా దగ్గరుంటే ఆమెకు ప్రాణాపాయమని ఎడ్వర్డ్, 'నువ్వు నాకు అక్కర్లేదు' అని అబద్ధమాడి వెళ్ళిపోతాడు.

నాకూ మొదట విసుగే వచ్చింది. నాయిక ఏదో ఒకటి చెయ్యాలని నేనెంత పట్టుబడతానో పాత పాఠకులకు తెలుసు. ఆ పట్టు యద్దనపూడి సులోచనారాణి పెట్టిన భిక్ష. అద్దె పుస్తకాల షాపు నుంచి ఆమె నవల 'సెక్రటరీ' తెచ్చిన రోజున మా వంటింట్లో తగువే. నాయిక జయంతికి అంత బెట్టెందుకని పిన్ని, ఆ మాత్రం బెట్టు లేకపోతే అది ఆడపిల్లేనా అని అమ్మ. అన్నం ఉడికేలోగా ఇద్దరూ చెరో పేజీ లాక్కునేవాళ్ళు. తిడుతూ చదివిన జయంతిని జీవితాంతం తలుచుకున్నారు. మెచ్చుకున్న నాయికల పేర్లు మాత్రం ఒక్కటీ గుర్తుండలేదు.

అందుకే 'న్యూ మూన్' మళ్ళీ మొదటినుంచి చదివాను. పాఠకులు మెచ్చిన జంటనే మళ్ళీ చూపించడం రెండో పుస్తకానికి తేలిక దారి. మేయర్ ఆ జంటను విడదీసి, నాయకుణ్ణి నవలలో చాలా భాగం కనబడకుండా చేశారు. అక్టోబరు నుంచి జనవరి దాకా పేజీకో నెల పేరు, అంతే. ఆ ఖాళీ పేజీలు చెప్పిన దుఃఖాన్ని వర్ణనలు చెప్పలేవు.

ఆ తర్వాత బెల్లా ఊరికే కూర్చోదు. ప్రమాదంలో ఉన్నప్పుడు ఎడ్వర్డ్ గొంతు వినబడుతోందని స్నేహితుడు జేకబ్ చేత పాత మోటార్ సైకిళ్ళు బాగుచేయించి నడుపుతుంది, కొండ మీంచి సముద్రంలోకి దూకుతుంది. తెలివితక్కువ పనులే, కానీ కథ నడిచేది వాటివల్లనే. ఆమె చనిపోయిందని నమ్మి ఎడ్వర్డ్ చావు వెతుక్కుంటూ ఇటలీలోని వొల్టెర్రాకు వెళ్తాడు. జనంతో కిక్కిరిసిన పండగలో పరిగెత్తి అతన్ని ఆపేది బెల్లాయే.

నా అభ్యంతరం జేకబ్ విషయంలో. అతని ప్రేమ తెలిసీ బెల్లా అతన్ని ఊరట కోసం వాడుకుంది. ఇటలీకి వెళ్ళొద్దని అతను బతిమాలినా ఆగలేదు. అది అన్యాయమని బెల్లాకూ తెలుసు, మేయర్ దాన్ని దాచలేదు కూడా. మేనకోడలికి వచ్చిన కోపం రచయిత్రి కావాలని రప్పించిన కోపం. అది రచనలో లోపం కాదు.

నవలలు రాస్తున్న పిల్లలకు ఒక మాట. నాయికను అందరికీ నచ్చేలా దిద్దకండి. తప్పులు చెయ్యనివ్వండి, వాటి మూల్యం మాత్రం కథలోనే ఆమెచేత కట్టించండి.