వేరు కుంపటి

‘హిబాచీ’ అన్న మాటకి తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ఒకటి ఉంది. కుంపటి. జపాన్ వాళ్ల భాషలో ‘హి’ అంటే నిప్పు, ‘హాచీ’ అంటే గిన్నె. రెండూ కలిస్తే హిబాచీ. మట్టిదో, లోహానిదో, చెక్కదో ఒక పాత్ర. అందులో బూడిద, బూడిద మీద బొగ్గులు. చలికాలం ఇంట్లో చేతులు కాచుకోవడానికి, పైన ఓ కెటిల్ పెట్టుకోవడానికి. మన అమ్మమ్మల ఇళ్లలో కుంపటి చేసిన పనికి ఇదేమంత దూరం కాదు.

కానీ డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్లు “శనివారం హిబాచీకి వెళ్దామా” అంటే, వాళ్లు వెళ్లే చోట కుంపటి ఉండదు. ఓ పెద్ద ఇనప పెనం ఉంటుంది. దానికి ఒకవైపు వంటవాడు, మిగతా వైపులా ఎనిమిదిమందో పదిమందో కూర్చునే బల్ల. దీని అసలు పేరు తెప్పన్‌యాకీ. తెప్పన్ అంటే ఇనప పలక, యాకీ అంటే కాల్చడం. పేరు ఒకదానిది, పని ఇంకోదానిది. ఈ భోజనాన్ని అర్థం చేసుకోవడానికి ఆ తేడా దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఎందుకంటే ఇక్కడ మనకి వడ్డించేవాటిలో చాలా వాటి సంగతి ఇంతే.

తెప్పన్‌యాకీకి జపాన్‌లో కూడా అంత ప్రాచీన చరిత్రేం లేదు. 1945లో కోబే నగరంలో మొదలైన ‘మిసోనో’ అనే రెస్టారెంట్ తామే దీనికి ఆద్యులమని చెప్పుకుంటుంది. దాన్ని ప్రపంచానికి అమ్మినవాడు మాత్రం హిరోయాకి అవోకీ. కుస్తీ యోధుడు, అమెరికా వాళ్లకి ‘రాకీ’. హార్లెమ్‌లో బండి మీద ఐస్‌క్రీం అమ్మి దాచుకున్న డబ్బుతో 1964లో న్యూయార్క్‌లో నాలుగు బల్లలతో ‘బెనిహానా’ తెరిచాడు. పేరు టోక్యోలో వాళ్ల నాన్న నడిపిన కాఫీ షాపుది. బెనిహానా అంటే కుసుమ పువ్వు. మొదట్లో జనం రాలేదు. తర్వాత ఒక పత్రికలో మంచి రివ్యూ వచ్చింది, దాంతో వరస కట్టారు. రివ్యూలు రాసేవాళ్లకి అప్పుడప్పుడూ తల్చుకోవడానికి బాగుండే కథ.

బిజినెస్ స్కూల్లో చదివినవాళ్లకి ఇదంతా కొత్త కాదు. 1972లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ బెనిహానా మీద ఒక కేస్ స్టడీ రాసింది, ఇప్పటికీ పాఠంగా చెప్తున్నారు. అందులోని కిటుకు ఇది: వంటవాణ్ణి వంటగదిలోంచి బయటికి తెస్తే వంటగదికి పెట్టాల్సిన జాగా తగ్గుతుంది. అక్కడా బల్లలు వేసుకోవచ్చు. మెనూలో కొద్ది రకాలే ఉంటే సరుకు పాడవదు. బల్ల నిండేదాకా జనాన్ని బార్‌లో కూర్చోబెడితే అక్కడా అమ్మకమే. బల్ల నిండాక అందరికీ ఒకేసారి వంట, ఒకేసారి తిండి. వంటవాడు వంగి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడంటే, ఇంక మీరూ లేవచ్చని అర్థం.

తెలుగు పెళ్లిళ్లకి వెళ్లినవాళ్లెవరికైనా దీని పేరు తెలుసు. బంతి. మొదటి బంతి లేచింది, రెండో బంతి కూర్చోండి. మనం వందల ఏళ్లుగా చేస్తున్న దాన్ని హార్వర్డ్ వాళ్లు ‘బ్యాచింగ్’ అన్నారు. తేడా ఏమిటంటే, మన బంతిలో ఆకు ముందు కూర్చున్నవాణ్ణి లెమ్మనకుండా లేపే బాధ్యత వెనకాల నిలబడ్డ రెండో బంతి వాళ్లది. హిబాచీలో ఆ పని ఒక నమస్కారంతో అయిపోతుంది.

ఇక ప్రదర్శన సంగతి. ఏ ఊళ్లో చూసినా వరస దాదాపు ఒకటే. ముందు పెనం మీద నూనె, భగ్గున మంట, పిల్లల కేకలు. గరిటె అంచు మీద గుడ్డు తిప్పడం. ఉల్లిపాయ చక్రాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్యలో నూనె పోసి అంటించి, అగ్నిపర్వతం చేయడం. అన్నాన్ని గుండె ఆకారంలో పోగేసి, కింద అట్లకాడ పెట్టి ఆ గుండె కొట్టుకునేలా ఆడించడం. రొయ్య తోకని ఎగరేసి టోపీలో పట్టుకోవడం. చివరికి ఓ కూరగాయ ముక్కని మీ నోట్లోకి విసరడం. పడితే చప్పట్లు, పడకపోతే ఇంకా పెద్ద చప్పట్లు. పక్కన చిన్న గిన్నెలో ‘యమ్ యమ్ సాస్’ అని లేత గులాబీ రంగు సాస్ ఒకటి. మయొనైజ్‌తో చేసేది, పుట్టింది అమెరికాలోనే.

రుచి మాటకొస్తే, వెన్న, సోయా సాస్, వెల్లుల్లి కలిసి వేడి ఇనుము మీద పడితే బాగోకపోవడం కష్టం. బాగుంటుంది. కానీ చికెన్ తిన్నా, రొయ్యలు తిన్నా, టోఫూ తిన్నా అదే బాగు. నాలుగోసారికి గుర్తుండేది రుచి కాదు, జోకులు. అవీ అవే జోకులు.

నా మటుకు నాకు ఇందులో మంచి ఘట్టం మంటలకి ముందో, మంటల మధ్యలోనో వచ్చే ఒక అర నిమిషం. వంటవాడు గుమ్మడి జాతి కాయని, ఉల్లిపాయని, పుట్టగొడుగుల్ని వరసగా పేర్చి, మాటలాపి కోస్తాడు. అప్పుడతను మనల్ని చూడడు. కత్తిని కూడా చూడడు. ఆ చేతికి పని తెలుసు. రోలాఁ బార్త్ 1970లో జపాన్ గురించి రాసిన పుస్తకంలో, తినేవాళ్ల ఎదుటే వండే సుకియాకీ గురించి, టెంపురా గురించి ముచ్చటపడింది ఇలాంటి దానికే అనుకుంటాను. పచ్చి సరుకు వంటగా మారడం మన కళ్లముందే జరుగుతుంది, దాన్ని చూడటమే భోజనంలో సగం. బార్త్ చూసిన దానిలో వంటే ప్రదర్శన. హిబాచీలో ప్రదర్శన వేరు, వంట వేరు. ఉల్లిపాయ అగ్నిపర్వతం తీసేస్తే వంటకి ఏ లోటూ రాదు. విమర్శకి అంతకంటే పెద్ద కొలత అక్కర్లేదు: తీసేసినా లోటు రానిది అలంకారం కూడా కాదు, అడ్డం.

మనవాళ్లకి ఇది ఎందుకంత నచ్చుతుంది? ‘మాయాబజార్’ చూసి పెరిగినవాళ్లం కదా. 1957లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడు పెళ్లివారి వంటకాల ముందు కూర్చుంటే, లడ్డూలు వాటంతటవే నోటికి నడిచొచ్చాయి. ఆ దృశ్యంలో వంటవాడు లేడు. తినేవాడే ఆట, తినేవాడే మాయ. హిబాచీలో మీరు నోరు తెరిచి ముక్క కోసం కూర్చున్న ఆ రెండు సెకన్లూ మీరే ఘటోత్కచుడు. చిన్న పిల్లలకే కాదు, యాభై ఏళ్ల మేనేజర్లకి కూడా ఆ రెండు సెకన్లు కావాలి.

అట్లాంటా దగ్గర అలాంటి ఒక బల్ల దగ్గర మా పిన్ని కూడా ఉంది. రాజమండ్రి నించి కొడుకు దగ్గరికి వచ్చింది. మా తమ్ముడి కూతురి పుట్టినరోజు. అందరూ ఫోన్లు పైకెత్తి మంటని తీస్తున్నారు. పిన్ని నా చెయ్యి గిల్లి మెల్లగా అడిగింది. “ఒరేయ్, ఈ కుర్రోడు పొద్దుణ్ణించీ ఏమన్నా తిన్నాడో లేదో. ఇంత వేడి దగ్గర ఇన్నేసి మాటలు చెప్తన్నాడు.” ఆ అబ్బాయి జపాన్ వాడు కాదు, ఇండోనేషియా నించి వచ్చాడు. ఆ రాత్రికి మాది ఎన్నో బల్లో. మా తమ్ముడు కూడా రేపు సోమవారం ఇంకెవరి ముందో నవ్వు మొహం పెట్టుకుని మీటింగుల్లో కూర్చోవాల్సినవాడే. వీసాలూ జీతాలూ వేరు కావచ్చు. ఒక వలస మనిషి ఇంకో వలస మనిషిని నవ్విస్తున్నాడు, బిల్లులో టిప్ లెక్క కింద.

ఆ ప్రశ్న గోదావరి ప్రశ్న. వండినవాళ్లు తిన్నారా అని అడగడం ఇక్కడి మర్యాద. అడిగినంత మాత్రాన వాళ్లని చూశామని కాదు. మన ఇళ్లలో వంట తెర వెనక పని. మడి ఒక తెర, దిష్టి ఒక తెర, ఆడవాళ్ల పని అనుకోవడం అన్నిటికంటే మందమైన తెర. వండుతున్నవాళ్లు కనిపించేది బజార్లోనే. రాజమండ్రి దేవీచౌక్ వైపు సాయంత్రాలు టిఫిన్ బండి ముందు నిలబడితే, పెనం మీద పెసరట్టు తిప్పే మనిషికీ తినే మనిషికీ మధ్య మూడడుగులు. అక్కడ చప్పట్లుండవు. “కొంచెం కాలనివ్వండి”, “అల్లం పచ్చడి ఇంకాస్త” — అంతే. అదీ ఎదుటి వంటే. అందులో వండేవాడికి తొందర తప్ప నటన లేదు.

ఈమధ్య పెళ్లిళ్లలో ‘లైవ్ కౌంటర్లు’ వచ్చాయి. దోసె లైవ్, పాస్తా లైవ్, నోట్లో మంటతో కిళ్లీ లైవ్. హిబాచీ పేరు లేకుండానే హిబాచీ మన ఫంక్షన్ హాళ్లలోకి వచ్చేసింది. తలపాగా చుట్టిన కుర్రాడు దోసెని గాల్లోకి ఎగరేస్తే వీడియో తీస్తాం. అదే హాలు వెనక పెరట్లో కట్టెల పొయ్యిల మీద వెయ్యిమందికి సాంబారు కాస్తున్నవాళ్లకి కౌంటరూ లేదు, కెమెరా లేదు.

ధవళేశ్వరం బ్యారేజీ దాటి వెళ్తే ఆత్రేయపురం. బోర్లించిన కుండ, కుండ కింద మంట, జారుగా రుబ్బిన బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ. గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే రేకు. కాగితం కన్నా పల్చన, ఆ క్షణంలో తియ్యకపోతే మాడుతుంది. ఇంతకంటే గొప్ప నిప్పు విద్య ఏ హిబాచీలోనూ లేదు. ఆ ఊరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు ఊరికి, సరుకుకి. గంటల తరబడి ఆ సెగ దగ్గర కూర్చునే ఆడవాళ్ల చేతుల పేరు పెట్టె మీద ఉండదు. కాబట్టి వంటవాణ్ణి బయటికి తెచ్చిన రాకీ అవోకీని పూర్తిగా తీసిపారేయలేను. వ్యాపారం కోసమే అయినా అతను తెర తీశాడు. తీసిన వెంటనే మంటతో ఇంకో తెర వేశాడు, అదీ బాధ.

ఇంకో మాట, ఇది హిబాచీ గురించి కన్నా మన గురించి. ఆ బల్ల దగ్గర ముక్కూ మొహం తెలియని వాళ్లతో కలిపి కూర్చోబెడతారు. ఒకే ఇనుము మీద అందరి తిండి. తెలుగులో దీని పేరు సహపంక్తి. ఈ మాటకి మా ఊళ్లో చరిత్ర ఉంది. 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు, ఊరి కోపమంతా పెళ్లి మీద ఎంతో, భోజనాల మీదా అంత. ఆ పెళ్లికి వెళ్లినవాళ్లకి వెలి. వెలి అంటే ఆచరణలో ఇదే: నీ పక్కన కూర్చుని ఎవరూ తినరు, నీ ఇంటికొచ్చి ఎవరూ వండరు. వంటమనుషులు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నించి నీళ్లు మోసుకొచ్చి అందరికీ వండి పెట్టింది. సంఘ సంస్కరణ చరిత్రలో ఆ బిందె బరువుకి ఇంకా సరైన అధ్యాయం రాలేదు.

ఆ ఊరినించి వెళ్లినవాళ్లం హిబాచీ బల్ల దగ్గర మొదట అడిగేదేమిటి? “మాది సెపరేట్‌గా చేస్తారా?” కొన్ని చోట్ల పెనం ఒక మూల గీకి చేస్తారు. కొన్ని చోట్ల వెనక వంటగదిలో చేసి పళ్లెంలో తెచ్చిస్తారు. కుటుంబం విడిపోతే ‘వేరు కుంపటి పెట్టారు’ అంటాం. ఇక్కడ ఆ సామెత అక్షరాలా నిజమవుతుంది. శాకాహారం అనగానే కులం అనేస్తే అన్యాయం. కార్తీక మాసమో, అలర్జీయో, బీఫ్ వాసన పడకపోవడమో ఉండొచ్చు, ఎవరి నోరు వాళ్లిష్టం. కానీ పక్క కుర్చీలోని తెలుగు కుర్రాడు బీఫ్ ఆర్డర్ చేసినప్పుడు బల్ల మీద ఒక నిశ్శబ్దం పడుతుంది చూడండి, అది నోటికి సంబంధించింది కాదు. అతనూ దాన్ని గుర్తుపడతాడు. ఉల్లిపాయ మంట లేచే సమయానికి అందరూ ఒకేసారి నవ్వుతారు. ఆ నవ్వుకి ఆ నిశ్శబ్దాన్ని కప్పే శక్తి ఉంది. వినోదం చేసే పనుల్లో ఇదొకటి.

రాజమహేంద్రవరం రెడ్డిరాజుల కొలువులో ఉండి శ్రీనాథుడు రాసిన కాశీఖండంలో, ఆకలితో కోపమెక్కి కాశీనే శపించబోయిన వ్యాసుణ్ణి ఒక గృహిణి తన గుమ్మంలోంచి పిలుస్తుంది. ముందు కోపానికి మందలిస్తుంది, తర్వాత శిష్యులందరితో సహా భోజనానికి రమ్మంటుంది. వడ్డించబోయే ఆవిడకి అతిథిని తప్పు పట్టే హక్కుంది. ఆ పిలుపులో నాకు నచ్చేది అదే. హిబాచీ వంటవాడికి మంట వెయ్యడానికి అనుమతి ఉంది, నవ్వించడానికి ఉంది. మనల్ని ఒక మాట అనడానికి లేదు.

వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయలేదు. పిల్లలు ఆ మంట చూడాలి, సరదాగా ఉంటుంది. ఈసారి వెళ్తే ఫోను కాసేపు బల్ల మీద పెట్టి, అతను కూరగాయలు కోసే ఆ అర నిమిషం చూడండి. లేచేముందు తిన్నావా అని అడగండి.